‘నుంచి’, ‘కి’ తెలిస్తే పద్దు రాయవచ్చు: మారతహళ్లిలో పీజీ నడిపే సోదరికి జవాబు

ముందు మీ ఆందోళన తీరుస్తాను. మిమ్మల్ని ఎవరూ మోసం చేయడం లేదు.

కొత్తగా చదివేవారి కోసం ప్రశ్న క్లుప్తంగా: ఈ సోదరి ఏప్రిల్‌లో బెంగళూరు మారతహళ్లిలో ఒక భవనం అద్దెకు తీసుకుని ఇరవై మంది అమ్మాయిలకు పీజీ, అంటే భోజనంతో కూడిన అద్దె వసతి, పెట్టారు. నెల తిరిగేసరికి బ్యాంకు ఖాతాలో రెండు లక్షలకు పైగా కనిపించింది. ఆడిటరు గారు మాత్రం ఏప్రిల్ లాభం ఐదు వేలేనని తేల్చారు. మిగతా డబ్బు ఏమైనట్లు అని ఈ సోదరి అనుమానం. బడిలో లెక్కల పీరియడ్ వస్తోందంటే కడుపునొప్పి మొదలయ్యేదట, ఇప్పటికీ అంకెల వరుస చూస్తే కళ్లు తిరుగుతాయట. ముప్పై ఆరేళ్ల వయసులో అకౌంటింగ్ నేర్చుకోవడం అయ్యే పనేనా, లేక భర్త చెప్పినట్లు గుమాస్తాను పెట్టుకోవడమే మేలా అని అడిగారు.

అయ్యే పనే. ఈ మాట ధైర్యం చెప్పడానికి అనడం లేదు. నేను హిందూపురం నుంచి 1996లో బెంగళూరు వచ్చి, చిక్కపేటలో ఒక టోకు బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాను. అప్పటి నుంచి ఇదే నా జీవనం. ఇప్పుడు చిన్న వ్యాపారులకు పద్దులు రాసిపెడతాను, రాసుకోగలిగినవారికి నేర్పుతాను. పదో తరగతి లెక్కల్లో నాకు వచ్చిన మార్కులు 36. ఆ ఒక్క మార్కు మా మాస్టారి దయ.

మన భాషలోనే ఒక చిక్కు ఉంది. బడిలో చెప్పే గణితాన్నీ ‘లెక్కలు’ అంటాం, కొట్టులో రాసేదాన్నీ ‘లెక్కలు’ అంటాం. అందువల్ల త్రికోణమితి చూసి భయపడిన పిల్ల, ఇరవై ఏళ్ల తర్వాత పాలవాడి బాకీ రాయడానికి కూడా భయపడుతుంది. కానీ ఈ రెండో పనికి మనకు వేరే మాట ఉంది: పద్దు. పద్దు అంటే జరిగిన ఒక సంగతిని పుస్తకంలో ఎక్కించడం. ఇందులో కూడిక, తీసివేత కావాలి, అప్పుడప్పుడు ఒక గుణకారం, భాగహారం. వాటిని ఫోనులోని క్యాలిక్యులేటర్ చేస్తుంది, దాన్ని వాడటానికి సిగ్గుపడవలసిన పని లేదు. నేనూ వాడతాను. మీ బుర్రతో చేయవలసిన పని వేరే ఉంది: జరిగినదాన్ని సరైన పేరుతో పిలవడం.

ఈ గందరగోళం మనదొక్కరిదే అనుకోకండి. ప్రతి సంగతినీ ఒక చోట డెబిట్‌గా, ఇంకో చోట క్రెడిట్‌గా రాసే జంటపద్దు విధానాన్ని వివరిస్తూ అచ్చయిన మొట్టమొదటి పాఠం 1494లో వెనిస్‌లో వచ్చింది. రాసినవాడు లూకా పాచోలీ అనే సన్యాసి, గణిత పండితుడు. ఆయన దాన్ని ఒక పెద్ద గణిత గ్రంథంలో ఒక భాగంగా పెట్టాడు. పద్దు వెళ్లి గణితం ఇంట్లో అద్దెకు దిగింది, ఇప్పటికీ ఖాళీ చేయలేదు. అయితే ఆయన చెప్పిన మూడు పుస్తకాల పద్ధతి మాత్రం బంగారం. మొదటి పుస్తకంలో జరిగింది జరిగినట్లు మామూలు మాటల్లో రాయాలి. రెండోదానిలో అదే సంగతిని డెబిట్, క్రెడిట్‌గా తేదీల వారీగా రాయాలి. మూడోదానిలో ఒక్కొక్క ఖాతాకు, అంటే ఒక్కొక్క మనిషికి, వస్తువుకు, ఖర్చుకు, ఒక్కొక్క పేజీ. మన పాత కోమటి కొట్లలో చిత్తు పుస్తకం, చిట్టా, ఆవర్జా అన్నవి ఇవే. మన ఇంటర్ కామర్స్ పుస్తకాల్లో కూడా జర్నల్‌ను చిట్టా, లెడ్జర్‌ను ఆవర్జా అనే రాస్తారు.

మీరు మొదటి పదిహేను రోజులు చిత్తు పుస్తకం మాత్రమే రాయండి. పుస్తకాల దుకాణాలుండే అవెన్యూ రోడ్డు దాకా వెళ్లగలిగితే లావు అట్ట రిజిస్టరు ఒకటి కొనుక్కోండి, లేకపోతే పిల్లల నోటుబుక్కు చాలు. రాత్రి పడుకునేముందు పది నిమిషాలు. అందులో డెబిట్ వద్దు, క్రెడిట్ వద్దు, గీతలు కూడా వద్దు. “మూడో అంతస్తు అమ్మాయి మే నెల అద్దె 8,000 ఫోనులో పంపింది.” “గ్యాసుకు రొక్కం ఇచ్చాను.” “కిరాణా కొట్టతను బియ్యం దించాడు, డబ్బు పదో తేదీన ఇస్తానన్నాను.” అంతే. అంకెలంటే భయం ఉన్నవారికి ఈ దశ ఎందుకు ముఖ్యమో చెబుతాను: ప్రతి అంకె పక్కన ఒక మనిషో వస్తువో ఉంటుంది కాబట్టి అది అంకెలా కనిపించదు. 8,000 అన్నది మూడో అంతస్తు అమ్మాయి. ఉత్త 8,000కు మొహం లేదు.

ఒక రోజు తప్పిపోతే మరునాడు రాయవచ్చు. వారం తప్పిపోతే మాత్రం గుర్తున్నట్లు నటిస్తూ రాయకండి, “ఈ వారం రాయలేదు” అని రాసి, బ్యాంకు స్టేట్‌మెంటులో ఉన్నవి మాత్రం ఎక్కించండి. ఊహించి రాసిన పద్దు కంటే ఖాళీ పేజీ నయం.

ఇక అసలు సంగతికి వద్దాం. అందరూ భయపడేది డెబిట్, క్రెడిట్ దగ్గరే. పాఠ్యపుస్తకంలో మూడు సూత్రాలు ఉంటాయి: వ్యక్తిగత ఖాతాలకు పుచ్చుకున్నవారిని డెబిట్ చేయి, ఇచ్చినవారిని క్రెడిట్ చేయి, వాస్తవిక ఖాతాలకు వచ్చినదాన్ని డెబిట్, పోయినదాన్ని క్రెడిట్, నామమాత్రపు ఖాతాలకు ఖర్చులు, నష్టాలు డెబిట్, ఆదాయాలు, లాభాలు క్రెడిట్. సూత్రాలు సరైనవే. కానీ కొత్తవారు ముందు ఏ ఖాతా ఏ రకమో తేల్చుకోలేక అక్కడే కూలబడతారు. నేను నేర్పేది ఇంకొక దారి. మీకు తెలుగు వచ్చు కదా, అయితే రెండు విభక్తి ప్రత్యయాలు చాలు.

ప్రతి సంగతినీ ‘ఫలానాదాని నుంచి ఫలానాదానికి’ అని ఒక వాక్యంగా చెప్పండి. ‘నుంచి’ పక్కన ఉన్నది క్రెడిట్. ‘కి’ పక్కన ఉన్నది డెబిట్. ఇక్కడితో పాఠం అయిపోయింది, మిగిలినదంతా సాధన.

గ్యాసుకు బ్యాంకులో డబ్బు కట్టారు: బ్యాంకు నుంచి గ్యాసు ఖర్చుకి. బ్యాంకు క్రెడిట్, గ్యాసు డెబిట్. కొట్టతను అరువు మీద సరుకు దించాడు: కొట్టతని నుంచి సరుకులకి. అతను క్రెడిట్, సరుకులు డెబిట్. పదో తేదీన అతని బాకీ తీర్చారు: బ్యాంకు నుంచి కొట్టతనికి. ఇప్పుడు అతను డెబిట్, పాత క్రెడిట్ చెల్లిపోయింది, ఆ పేజీ సున్నా. మీ తమ్ముడు మూడు లక్షలు అప్పు ఇచ్చాడు: తమ్ముడి నుంచి బ్యాంకుకి.

డబ్బు కదలని చోట కూడా ఇది పనిచేస్తుంది, దీని గొప్పతనం అక్కడే. ఒక అమ్మాయి నెలంతా ఉంది, అద్దె ఇంకా ఇవ్వలేదు. అయినా ఆ అద్దె మీకు రావలసిన ఆదాయమే. అద్దె ఆదాయం నుంచి ఆ అమ్మాయి ఖాతాకి. ఏప్రిల్‌లో వాడిన కరెంటుకు బిల్లు మేలో వచ్చింది: విద్యుత్ సంస్థ నుంచి ఏప్రిల్ కరెంటు ఖర్చుకి. మంచాలు, పరుపులు వాడుతున్న కొద్దీ అరిగిపోతాయి: మంచాల నుంచి తరుగుదలకి. ఏ సంగతైనా ఈ వాక్యంలో ఇమడటం లేదంటే ఆ సంగతి మీకు ఇంకా అర్థం కాలేదని గుర్తు, పద్దు రాయకుండా ఆగండి.

ఒక హెచ్చరిక. ఇంగ్లీషు పుస్తకాల్లో చిట్టా రాసేటప్పుడు క్రెడిట్ వరుసకు ముందు ‘టు’ అని కనిపిస్తుంది. దాన్ని మన ‘కి’ అనుకుని తడబడకండి, అది వేరే అర్థంలో స్థిరపడిన పాత మాట. అలాగే ఎడమ పక్క డెబిట్, కుడి పక్క క్రెడిట్ అన్నది కూడా ఆచారమే తప్ప ప్రకృతి ధర్మం కాదు. పాత మార్వాడీ బహీ పుస్తకాల్లో జమ, అంటే క్రెడిట్, ఎడమ పక్కే రాసేవారు, ఆ వ్యాపారాలకేమీ నష్టం రాలేదు.

“మరి అద్దె పడినప్పుడు బ్యాంకు నుంచి ‘మీ ఖాతాకు క్రెడిట్ అయింది’ అని సందేశం వస్తుంది. మీరేమో డబ్బు వస్తే బ్యాంకు డెబిట్ అంటారు” అని మీరు అడగబోతున్నారు. నా దగ్గర నేర్చుకున్నవారిలో ఈ ప్రశ్న అడగనివారు లేరు. నేను కూడా చేరిన కొత్తలో ఆరు నెలలు దీంతోనే కుస్తీ పట్టాను, అడిగితే తెలివితక్కువవాడిని అనుకుంటారని ఎవరినీ అడగలేదు. జవాబు తేలిక: ఆ సందేశం బ్యాంకువారి పుస్తకంలోది, మీ పుస్తకంలోది కాదు. బ్యాంకు వైపు నిలబడి వాక్యం చెప్పండి: “ఈమె నుంచి మా గల్లాపెట్టెకి.” వాళ్లకు మీరు డబ్బు ఇచ్చిన మనిషి, అంటే వాళ్లు మీకు బాకీ. అందుకే మీ పేరు క్రెడిట్. మీ వైపు నుంచి చూస్తే “అద్దె నుంచి బ్యాంకుకి.” ఒకే సంగతి, రెండు పుస్తకాలు, అద్దంలో ఎడమ కుడి మారినట్లు. మీ పీజీ అమ్మాయి తన డైరీలో పద్దు రాసుకుంటే అది ఇంకో మాదిరిగా ఉంటుంది. ఎవరి పుస్తకం రాస్తున్నామో మరిచిపోతే తప్ప ఇందులో తికమక లేదు.

ఇప్పుడు మీ ఐదు వేల కథ. మీరు ఇచ్చిన అంకెలను కాస్త గుండ్రం చేసి వాడుతున్నాను. చదవడం కాదు, కాగితం తీసుకుని నాతోపాటు రాయండి.

వచ్చిన డబ్బు: మీ సొంతం 4,00,000. తమ్ముడి అప్పు 3,00,000. ఇరవై మంది అమ్మాయిల అడ్వాన్సు, ఒక్కొక్కరు 5,000 చొప్పున 1,00,000. అద్దె నెలకు 8,000 చొప్పున ఇరవై మందికి 1,60,000 కావాలి, ఇద్దరు ఇవ్వలేదు కాబట్టి చేతికి వచ్చింది 1,44,000. మొత్తం 9,44,000.

వెళ్లిన డబ్బు: భవన యజమానికి ఐదు నెలల అద్దె డిపాజిట్‌గా 3,50,000. మంచాలు, పరుపులు, బీరువాలు, ఫ్రిజ్, గ్రైండరు 2,40,000. ఏప్రిల్ అద్దె 70,000. సరుకులకు రొక్కం 22,000. గ్యాసు 8,000. వంటమనిషి, సహాయకురాలి జీతాలు 28,000. ఇంటర్నెట్ 2,000. మొత్తం 7,20,000.

తీసివేస్తే 2,24,000. మీరు ఫోనులో చూసి సంతోషించిన అంకె ఇదే. దీన్ని లాభం అనుకోవడంలో మీ తప్పు లేదు, అందరి కళ్లూ ముందు అక్కడికే పోతాయి.

ఇప్పుడు ఆడిటరు గారు అడిగిన ప్రశ్న వేరు. ఆయన “ఎంత డబ్బు ఉంది” అని అడగలేదు, “ఏప్రిల్‌లో ఎంత సంపాదించారు, అందుకోసం ఎంత ఖర్చయింది” అని అడిగారు. సంపాదన 1,60,000. ఇద్దరూ ఇవ్వకపోయినా ఆ నెలంతా ఉన్నారు, తిన్నారు, కాబట్టి వారిదీ కలుస్తుంది. మీ సొంత సొమ్ము సంపాదన కాదు. తమ్ముడి అప్పు సంపాదన కాదు. అడ్వాన్సు కూడా కాదు, అది అమ్మాయిలు వెళ్లేటప్పుడు తిరిగి ఇవ్వవలసినది. ఖర్చు వైపు: అద్దె 70,000, సరుకులు 34,000, ఎందుకంటే రొక్కం ఇచ్చిన 22,000 కాక కొట్టతనికి 12,000 బాకీ ఉంది, ఆ బియ్యం ఏప్రిల్‌లోనే ఉడికాయి, గ్యాసు 8,000, జీతాలు 28,000, మేలో వచ్చిన ఏప్రిల్ కరెంటు, నీళ్ల బిల్లు 9,000, ఇంటర్నెట్ 2,000. యజమాని దగ్గర ఉన్న డిపాజిట్ ఖర్చు కాదు, అది తిరిగి వచ్చేది. మంచాలు, ఫ్రిజ్ కొన్న 2,40,000 కూడా ఒక్క ఏప్రిల్ నెల ఖర్చు కాదు. అవి ఐదేళ్లు వస్తాయనుకుంటే ఏడాదికి 48,000, నెలకు 4,000 తరుగుదల. అన్నీ కలిపితే 1,55,000.

1,60,000 నుంచి 1,55,000 పోతే 5,000. ఆడిటరు గారి మాట నిజం.

దీన్ని ఇంకొక వైపు నుంచి పరీక్ష చేద్దాం. నెలాఖరున మీ దగ్గర ఉన్నవి, మీకు రావలసినవి: బ్యాంకు 2,24,000, యజమాని దగ్గర డిపాజిట్ 3,50,000, తరుగుదల పోను సామాను 2,36,000, ఇద్దరు అమ్మాయిల బాకీ 16,000. మొత్తం 8,26,000. అవతలి వైపు మీరు ఇవ్వవలసినవి: తమ్ముడికి 3,00,000, అమ్మాయిల అడ్వాన్సులు 1,00,000, కొట్టతనికి 12,000, కరెంటు, నీళ్లకు 9,000. ఇవి 4,21,000. మీ మూలధనం 4,00,000కు లాభం 5,000 కలిపితే 4,05,000. రెండూ కలిపితే 8,26,000.

రెండు వైపులా ఒకే అంకె వచ్చింది చూశారా? దీనికే ఆస్తి అప్పుల పట్టీ అని పేరు, ఇంగ్లీషులో బ్యాలెన్స్ షీట్. ఆ రెండు అంకెలు కలిసిన క్షణంలో వచ్చే ఆనందం కోసమే ఇన్నేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నానేమో అనిపిస్తుంది. లెక్కల్లో 36 వచ్చినవాడికి లోకం ఇచ్చిన పరిహారం అది.

ఇందులో మీరు జాగ్రత్తగా చూడవలసినది ఆ లక్ష రూపాయల అడ్వాన్సు. బెంగళూరులో పీజీ పెట్టే మన తెలుగువారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నాకు తెలిసిన ఒకాయన మొదటి పీజీ అడ్వాన్సులు తీసి రెండో భవనానికి డిపాజిట్ కట్టారు, రెండోదాని అడ్వాన్సులతో మూడోదానికి. “డబ్బు తిరుగుతోంది కదండీ” అనేవారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కంపెనీలు ఇంటి నుంచి పని చేయమన్నాయి, పిల్లలందరూ సామాను సర్దుకుని సొంత ఊళ్లకు బయలుదేరారు, అందరూ ఒకేసారి అడ్వాన్సు అడిగారు. ఆయన దుర్మార్గుడు కాడు, కానీ ఎవరి డబ్బు ఎవరిదో రాసిపెట్టుకోలేదు. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. ఊళ్లో పొలం అమ్మి తీర్చారు.

అందుకని అడ్వాన్సులకు ఆవర్జాలో వేరే పేజీ పెట్టండి, ప్రతి అమ్మాయి పేరూ అందులో ఉండాలి. గది ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ కింద 1,000 పట్టుకుంటామని ముందే చెప్పి ఉంటే, ఆ వెయ్యి ఆదాయం అయ్యేది ఆ రోజున, చేరిన రోజున కాదు. వీలైతే ఆ మొత్తాన్ని వేరే బ్యాంకు ఖాతాలో ఉంచండి. కనిపించని డబ్బు ఖర్చు కాదు.

ఇంకొక లెక్క చూడండి. అద్దె ఇవ్వని ఆ ఇద్దరూ రాత్రికి రాత్రి చెప్పకుండా వెళ్లిపోయారనుకుందాం. వారు ఇవ్వవలసింది 16,000, మీ దగ్గర ఉన్న వారి అడ్వాన్సు 10,000. మిగిలిన 6,000 మునిగినట్లే. ఏప్రిల్ లాభం 5,000 కాస్తా 1,000 నష్టంగా మారుతుంది. బ్యాంకులో మాత్రం అదే 2,24,000, పైసా తగ్గలేదు. ఫోను చూసి వ్యాపారం నడిపితే ఏమవుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

సొంత ఖర్చుల గురించి కూడా ఒక మాట. మీ పాప బడి ఫీజు పీజీ ఖాతా నుంచే కట్టానని రాశారు. కట్టవచ్చు, డబ్బు మీదే. కానీ దాన్ని పీజీ ఖర్చుల్లో రాయకండి: బ్యాంకు నుంచి సొంతవాడకాలకి. పద్దుల లోకంలో మీరు వేరు, మీ పీజీ వేరు. మీ వంటగది బియ్యం, పీజీ బియ్యం ఒకే బస్తాలోంచి వెళుతుంటే నెలకు ఇన్ని కిలోలని ఒక అంచనా వేసి అది కూడా సొంతవాడకాల్లో రాయండి. పీజీకి వేరే క్యూఆర్ కోడ్, వేరే ఖాతా పెట్టుకుంటే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది. ఇది ఈ వారమే చేయండి.

జీఎస్టీ గురించి అడిగారు. 2024 జులై మధ్య నుంచి, ఒక్కొక్కరికి నెలకు 20,000 రూపాయలకు మించని వసతిని వరసగా కనీసం 90 రోజులు ఇస్తే దానికి మినహాయింపు ఉంది. మీ అద్దె 8,000 కాబట్టి ఆ పరిమితికి చాలా లోపలే ఉన్నారు, కానీ వారం పది రోజులకు వచ్చిపోయేవారిని పెట్టుకుంటే సంగతి వేరు. అది ఆడిటరు గారితో కూర్చుని తేల్చుకోండి.

తప్పులు చేస్తానేమోనన్న భయం మీ ఉత్తరమంతా ఉంది. చేస్తారు. నేను చేరిన మొదటి ఏడాది మార్చి నెలాఖరున అంకణా కట్టాను. అంకణా అంటే ఆవర్జాలోని నిల్వలన్నింటినీ డెబిట్ ఒక వరుస, క్రెడిట్ ఒక వరుసగా రాసి కూడటం, రెండూ సమానం కావాలి. నాకు 270 రూపాయల తేడా వచ్చింది. మూడు రాత్రులు ప్రతి పేజీ మళ్లీ కూడాను. నాలుగో రోజు పొద్దున పెద్ద గుమాస్తా గారు, కుప్పం వైపు ఆయన, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని అడిగారు: “తేడా ఎంతబ్బాయీ? తొమ్మిదితో పోతుందా?” పోతుంది, 30 సార్లు. “అయితే కూడికలు వదిలేయి. ఎక్కడో రెండు అంకెలు తారుమారు చేశావు, అవి వెతుకు” అన్నారు. అరగంటలో దొరికింది. చిట్టాలో 1,630 ఉంటే ఆవర్జాలో 1,360 అని ఎక్కించాను.

అది మంత్రం కాదు. పది ఉండవలసిన చోట ఒకటి పడితే తొమ్మిది తగ్గుతుంది, వంద చోట పది పడితే తొంభై. అంకెలు పక్కపక్కన చోటు మారినా, చివర సున్నా ఒకటి జారిపోయినా తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 500ను 50 అని రాస్తే తేడా 450, అదీ అంతే. ఇంకొక చిట్కా: తేడా సరిసంఖ్య అయితే దాన్ని సగం చేసి ఆ అంకె కోసం వెతకండి. 1,200 తేడా వస్తే ఎక్కడో 600ను క్రెడిట్ బదులు డెబిట్‌లో వేసి ఉండవచ్చు. ఇవేవీ కుదరకపోతే తేడాను తాత్కాలికంగా అనామతు ఖాతాలో, అంటే ఇంకా తేలనివాటికి పెట్టిన పేజీలో, వేసి, ఆ రాత్రికి పడుకోండి. పొద్దున్నే దొరుకుతుంది. దొరకకుండా అనామతులో ఏళ్ల తరబడి ఉంచితే మాత్రం అది పద్దు కాదు, చాప కింద తోసిన చెత్త.

అంకణా కుదిరినంత మాత్రాన అంతా సరేనని కూడా అనుకోవద్దు. అసలు రాయనే రాయని సంగతి దానికి తెలియదు. పాప ఫీజును కరెంటు ఖర్చులో వేసినా అంకణా చక్కగా కుదురుతుంది. అందుకే వారానికి ఒకసారి బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని వరుసకు వరుస టిక్కు పెట్టండి. ఇది మీకు విసుగు పుట్టించే పని, కానీ పెద్ద మోసాలైనా చిన్న మరుపులైనా బయటపడేది ఇక్కడే.

పద్దులు రాసే కంప్యూటర్ ప్రోగ్రాం టాలీ నేర్చుకోవాలా అని అడిగారు. నేర్చుకోండి, ఇప్పుడే కాదు. టాలీ మన బెంగళూరుదే. శ్యామ్ సుందర్ గోయెంకా, కుమారుడు భరత్ గోయెంకా 1986లో మొదలుపెట్టిన సంస్థ, మొదట్లో దాని పేరు ప్యూట్రానిక్స్. తండ్రి తన వ్యాపారం పద్దులకు తగిన ప్రోగ్రాం దొరక్క కొడుకును రాయమన్నారు. మంచి పనిముట్టు. ఎఫ్5 నొక్కితే చెల్లింపు, ఎఫ్6 నొక్కితే వసూలు, డెబిట్, క్రెడిట్ సమానం కాకపోతే పద్దును తీసుకోనే తీసుకోదు. కానీ ఏ ఖాతా పేరు ఎంచుకోవాలో అది చెప్పదు. అడ్వాన్సును ఆదాయం అని ఎక్కిస్తే వినయంగా ఎక్కించుకుని, అందమైన పట్టీ ముద్రించి ఇస్తుంది. చేత్తో మూడు నెలలు రాసినవారికి టాలీ రెండు వారాల పని. చేత్తో రాయనివారికి అది ఎప్పటికీ మీటలు నొక్కడమే. లైసెన్సు కొనకుండా సాధన చేసుకునే వీలు అందులోనే ఉంది, కొన్ని తేదీలకు మాత్రమే పద్దులు రాయనిస్తుంది, నేర్చుకోవడానికి అది చాలు. ఉద్యోగం గ్యారంటీ అంటూ వేలకు వేలు అడిగే శిక్షణ సంస్థలతో మీకు పని లేదు. ఇంటర్ మొదటి సంవత్సరం కామర్స్ తెలుగు మాధ్యమం పుస్తకం ఒకటి ఊరి నుంచి తెప్పించుకోండి. అందులో చిట్టా, ఆవర్జా, నగదు పుస్తకం, అంకణా, ముగింపు లెక్కలు, ఈ అధ్యాయాలు చాలు, మిగతావి పరీక్ష రాసేవారికి.

చివరిగా గుమాస్తా సంగతి. మీ వారి సలహా తప్పేమీ కాదు. ఇరవై పడకలు నలభై అయితే మీకు తీరిక ఉండదు, అప్పుడు తప్పకుండా పెట్టుకోండి. కానీ ముందు మూడు నెలలు మీరే రాయండి. ఆ తర్వాత వచ్చినతను నెలాఖరున అంకణా తెచ్చి మీ ముందు పెట్టి, “తొంభై రూపాయలు తేడా వస్తోందమ్మా, రెండు రోజులుగా కూడుతున్నాను, దొరకడం లేదు” అంటాడు. మీరు వంటగదిలోంచే, పోపు మాడకుండా చూసుకుంటూ, ఏం వెతకాలో అతనికి చెబుతారు.